లక్ష పెట్టే ముందు

చిన్నా,

లక్ష రూపాయల మ్యాక్‌బుక్ కొనమంటావా, నలభై వేల విండోస్ లాప్‌టాప్ చాలంటావా అని అడిగావు. కూడబెట్టుకున్న జీతం డబ్బులు కదా, ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పబుద్ధి కాలేదు.

ముందు నీ పని ఏమిటో చూసుకో. సాయంత్రాలు శుభలేఖలు, పుస్తకాల పేజీలు చేస్తానంటున్నావు. నాకు పని ఇచ్చే ప్రెస్సులు ఇప్పటికీ అను అనే తెలుగు ఫాంట్లు, పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్లే అడుగుతాయి. మన దగ్గర అవన్నీ విండోస్ మీద నడిచేవే. 2020లో వచ్చిన ఎం1 చిప్ మొదలు, కొత్త మ్యాక్‌లలో బూట్‌క్యాంప్‌తో (మ్యాక్‌లోనే విండోస్ పెట్టుకునే యాపిల్ సాధనం) విండోస్ వేసుకునే వీలు లేదు. నువ్వు వీడియోలు ఎడిట్ చేసేవాడివైతే మ్యాక్ కొనుక్కోమని నేనే పోరు పెట్టేదాన్ని. నీ పనికి మాత్రం వద్దు.

అలాగని చవకది కూడా వద్దు. చెన్నై ట్రిప్లికేన్‌లో ఇన్నేళ్లుగా డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చు పేజీలు తయారుచేసే పని) చేస్తున్నాను, నేను దెబ్బ తిన్నది అక్కడే. ముప్పై రెండు వేలకు ఒకటి కొన్నాను. ఏడాది వారంటీ అయిపోయింది. ఆ తర్వాత కొన్ని నెలలకు, ఒక పొద్దున మూత తెరుస్తుంటే ఎడమ మూల టక్కుమంది. హింజ్ (మూత కీలు) స్క్రూ, దాన్ని పట్టుకున్న ఇత్తడి నట్టుతో సహా ప్లాస్టిక్‌లోంచి ఊడి వచ్చింది. ఆ రాత్రికి రెండు వందల పేజీల ప్రూఫులు పంపాలి. స్క్రీన్ వెనక్కి పడిపోకుండా గోడకు ఆనించి పని పూర్తి చేశాను. ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో అతికించి ఇచ్చారు, నెలకే మళ్లీ ఊడింది.

అంతకన్నా నన్ను బాధపెట్టింది ఆ స్క్రీన్. దాని రిజల్యూషన్ 1366×768 పిక్సెళ్లే. థ, ధ అక్షరాలకు తేడా లోపలి చుక్క ఒక్కటే కదా. చిన్న సైజులో ఆ చుక్క కనపడలేదు. 'మథనం' అని ఉండాల్సిన చోట 'మధనం' అని అచ్చయిపోయింది, అదీ అధ్యాయం పేరులో. ఆ పుస్తకం రాసిన పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు, కానీ నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

అందుకే ఎక్కువ డబ్బు పెట్టాల్సింది స్క్రీన్‌కి, కీబోర్డ్‌కి, హింజ్‌కి. తర్వాత సులువుగా మార్చుకోలేనివి, రోజంతా కళ్లకూ చేతులకూ తగిలేవి ఇవే. కనీసం ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని స్క్రీన్) ఉండాలి. నీ తెలుగు పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, షాపులోనే తెరిచి అందులో ఎనిమిది పాయింట్ల సైజు అక్షరాలు చదువు. మూత ఒక మూల పట్టుకుని లేపి చూడు, కీబోర్డ్ మధ్యలో వేలితో నొక్కి చూడు. మెలి తిరిగినా, లోపలికి కుంగినా పక్కన పెట్టేయి.

ర్యామ్ స్లాట్‌లో ఉందా, బోర్డుకి అతికించేశారా అని తప్పకుండా అడుగు. స్లాట్ ఉంటే ఇప్పటికి 8 జీబీ తీసుకున్నా ఫర్వాలేదు, తర్వాత వేయించుకోవచ్చు. అతికించి ఉంటే ముందే 16 తీసుకో. ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ స్టిక్కర్‌కి మాత్రం అదనంగా ఇవ్వకు. పాత తరం ఐ7 కన్నా కొత్త తరం ఐ5 చాలాసార్లు చురుగ్గా ఉంటుంది. టచ్‌స్క్రీన్, గేమింగ్ గ్రాఫిక్స్ నీకు అక్కర్లేదు.

నా మాట వింటే, ఆఫీసుల కోసం చేసే లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ప్రో (పాత పేరు ల్యాటిట్యూడ్) లాంటి వాటిలో ఒకటి చూడు. మ్యాక్ కన్నా తక్కువలో దొరికితే, మిగిలిన డబ్బుతో ఇంటికొచ్చి బాగుచేసే మూడేళ్ల వారంటీ తీసుకో. సెకండ్‌హ్యాండ్ అయితే ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందుది ముట్టుకోకు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఎనిమిదికి ముందు తరాల చాలా ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకు. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో.

శనివారం పదకొండింటికి గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో దగ్గర ఉంటాను, అక్కడి నుంచి రిచీ స్ట్రీట్‌కి నడిచి వెళదాం. పెన్‌డ్రైవ్ మర్చిపోకు.

మీ పెద్దమ్మ