మనసులోని మాటను ప్రయోగంతో పట్టుకోవచ్చా?

ప్రశ్న: ప్రయోగమంటే ప్రయోగశాలలో జరిగేదని చదువుకున్నాం. ప్రజల రాజకీయ అభిప్రాయాల మీదా ప్రయోగాలు చేస్తారని మా అధ్యాపకురాలు చెప్పారు. అభిప్రాయం కావాలంటే నేరుగా అడిగితే సరిపోదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: నేరుగా అడగడంలోనే చిక్కంతా ఉందమ్మా. సర్వేకు వెళ్లే సిబ్బందికి శిక్షణ ఇవ్వడం నా వృత్తి. కొత్త జట్టు రాగానే వాళ్లకు మొదట 1948లో అమెరికాలో జరిగిన ఒక సర్వే గురించి చెబుతాను. కమ్యూనిస్టు దేశాల విలేకరులను అమెరికాలోకి రానిచ్చి, చూసింది చూసినట్టు తమ పత్రికలకు రాసుకోనివ్వాలా అని అందులో అడిగారు. ఈ ప్రశ్నను ముందుగా విన్నవారిలో 36 శాతం మంది సరేనన్నారు. మరికొందరిని మాత్రం అంతకు ముందు ఇంకో ప్రశ్న అడిగారు: రష్యా వంటి దేశాలు మన విలేకరులను రానివ్వాలా? రానివ్వాల్సిందే అన్నాక, ఆ వెంటనే అవతలివారి విలేకరుల సంగతి వస్తే కాదనడం కష్టం. ఈసారి సరేనన్నవారు 73 శాతం.

దేశం అదే, ప్రశ్న అదే. మారింది వరస ఒక్కటే. అయితే ఆ మాట ధైర్యంగా ఎలా అనగలం? మొదటి గుంపులో అనుమానస్తులు, రెండో గుంపులో ఉదారులు చేరి ఉండవచ్చు కదా? ఆ సందేహం రాకుండా ఉండటానికే, ఎవరికి ఏ వరస వెళ్లాలన్నది ఎవరి ఇష్టానికీ వదలకుండా చీటీలు తీసినట్టు పంచుతారు. తగినంత మంది ఉంటే వయసులోనూ ఆదాయంలోనూ పార్టీ అభిమానంలోనూ రెండు గుంపులూ దాదాపు సమానంగా వస్తాయి. ఇక జవాబుల్లో పెద్ద తేడా కనిపిస్తే అది వరస తెచ్చిన తేడాయే. ఒక సంస్థ ఈ నెలలో, మరో సంస్థ వచ్చే నెలలో చేసిన రెండు సర్వేలను పక్కపక్కన పెట్టి ఈ మాట అనలేం.

ఇలాంటి అంకెలు చూసి జనానికి స్థిరమైన అభిప్రాయమే లేదని తేల్చేసేవారంటే నాకు కోపం. శత్రువంటే భయం, మనకో న్యాయం వాళ్లకో న్యాయం కూడదన్న ఇంగితం ఒకే మనిషిలో ఉంటాయి. రెండూ నిజమైనవే. ఏ ప్రశ్న దేన్ని ముందుకు తెస్తుందో తెలుసుకోవడం ప్రజలను కించపరచడం కాదు, వాళ్లను అర్థం చేసుకోవడం.

ప్రశ్న: ఓటుకు డబ్బో కానుకో పుచ్చుకున్నారా అని అడిగితే ఎవరు నిజం చెబుతారు? అలాంటి సర్వేలకు విలువేముంది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మీ అనుమానం సబబే మాస్టారూ. దానికి పరిశోధకులు వెతికిన దారి నాకు ఎంతో ఇష్టం. మధ్య అమెరికా దేశమైన నికరాగువాలో 2008 స్థానిక ఎన్నికల తర్వాత దీన్ని వాడారు.

ఓటర్లను యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేస్తారు. మొదటి గుంపుకు ఎన్నికల ప్రచారంలో మామూలుగా జరిగే కొన్ని పనుల జాబితా ఇస్తారు. రెండో గుంపుకు అదే జాబితా ఇచ్చి, ‘ఓటు కోసం కానుకో సాయమో ఇవ్వజూపారు’ అన్న అంశాన్ని అదనంగా చేరుస్తారు. ‘వీటిలో ఏవి జరిగాయో చెప్పవద్దు, ఎన్ని జరిగాయో చెప్పండి చాలు’ అని అందరినీ అడుగుతారు. ‘రెండు’ అన్న మనిషి ఏ రెండింటిని లెక్కపెట్టాడో అడిగినవారికి తెలియదు. కానీ రెండు గుంపుల సగటులు తీసి ఒకదాని నుంచి ఒకటి తీసివేస్తే, ఆ తేడా అదనపు అంశం వల్ల వచ్చిందే. తేడా 0.24 వస్తే నూటికి 24 మందికి అలాంటి కానుక చూపారన్నమాట. నికరాగువాలో తేలింది ఆ 24 శాతమే. నేరుగా అడిగినప్పుడు ఒప్పుకున్నది 2 శాతం!

జాబితా రాయడంలో ఒడుపు ఉండాలి. అందులోవన్నీ తనకు జరిగాయనుకునే మనిషి మొత్తం సంఖ్య చెప్పేస్తే గుట్టు బయటపడుతుంది, అందుకని అతను ఒకటి తగ్గించి చెబుతాడు. కాబట్టి ఎవరికోగానీ జరగని పని ఒకటి తప్పక చేర్చాలి. పైగా ఒక్కొక్కరి జవాబును మరుగుపరచడం వల్ల మొత్తం అంచనా కూడా కాస్త మసకబారుతుంది. చాలా మందిని అడిగితే తప్ప ఆ అంకెను నమ్మలేం.

మా సిబ్బందికి ఇంకో మాట కూడా చెబుతాను. కొందరు కార్డు మీద వేలుపెట్టి, ఒక్కో వరుస దగ్గర ఆగి, పెదవులు కదుపుతూ లెక్కపెడతారు. అప్పుడు తల పక్కకు తిప్పుకోవాలి. ఆ వేలు ఎక్కడ ఆగిందో మనం చూస్తున్నామని అనుమానం వస్తే, ఇంత ఏర్పాటూ వృథా.

ప్రశ్న: ఇదంతా జనంతో ఆడుకోవడం కాదా?
– ఒక పాఠకుడు

జవాబు: కొన్నిసార్లు ఆ గీత దాటుతారు. 2006లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక ప్రాథమిక ఎన్నికకు (పార్టీల అభ్యర్థులను ఓటర్లు ఎంచుకునే ఎన్నిక) ముందు కొన్ని వేల ఇళ్లకు ఉత్తరాలు పంపారు. గత ఎన్నికల్లో మీ ఇంట్లో ఎవరు ఓటేశారు, ఇరుగుపొరుగులో ఎవరు వేశారు అని అందులో పేర్లతో రాశారు. ఈ ఎన్నిక అయ్యాక కొత్త పట్టిక పంపుతామనీ చెప్పారు. (ఎవరికి వేశారన్నది అక్కడా రహస్యమే, వేశారా లేదా అన్నది మాత్రం ఎవరైనా చూడగలిగే రికార్డు.) ఏ ఉత్తరమూ అందనివారిలో 29.7 శాతం ఓటేస్తే, ఈ ఉత్తరం అందినవారిలో 37.8 శాతం వేశారు. ఓటు విషయంలో ఇరుగుపొరుగు చూపుకు ఎంత బలముందో ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగం అరుదు. అయినా అలాంటి ఉత్తరం నా చేత్తో పంపను. అడగకుండా మనిషి సిగ్గును వాడుకునే హక్కు నాకు లేదు.

సర్వేలో చేసే ప్రయోగంలోనూ ఒక నియమం నాకు ముఖ్యం. జవాబు చెప్పేవారికి కల్పించిన వార్తో లేని నాయకుడి ప్రకటనో వినిపించామనుకోండి. అది కల్పితమని వాళ్లు ఫోను పెట్టేయకముందే చెప్పాలి. తర్వాత ఉత్తరం రాస్తాం, వెబ్‌సైట్‌లో పెడతాం అంటే నేను ఒప్పుకోను.