అటు తిరిగి కూర్చున్న మనిషి

ప్రశ్న: 1937లో విమానంతో సహా మాయమైన అమెరికా మహిళా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ జపాన్ వాళ్ళకి చిక్కిందని, రేవులో కూర్చున్న ఆమె ఫొటో కూడా ఉందని మా నాన్నగారి నమ్మకం. మీరు నలభై ఏళ్ళు స్టూడియో నడిపారు కదా, ఏమంటారు?
– ఓ విద్యార్థిని, గుణుపురం

జవాబు: ఆ ఫొటో ఆమెది కాదమ్మా.

2017లో అమెరికా టీవీ డాక్యుమెంటరీ ఒకటి దాన్ని పైకి తెచ్చింది. పసిఫిక్ సముద్రంలో, అప్పట్లో జపాన్ ఏలుబడిలో ఉన్న మార్షల్ దీవుల్లోని జాలుయిట్ రేవు అది. గట్టు అంచున పొట్టి జుట్టు మనిషి ఒకరు, వీపు మనవైపు పెట్టి కూర్చున్నారు. అదే అమీలియా అన్నారు. ఎడమ పక్క నిలబడ్డాయన నుదుటి మీద జుట్టు తీరు చూసి, విమానంలో దారి లెక్కగట్టడానికి ఆమెతో వెళ్ళిన నావిగేటర్ ఫ్రెడ్ నూనన్ అన్నారు. దూరంగా ఓడ వెనక మసగ్గా కనిపించేది విమానమన్నారు. కొద్ది రోజుల్లోనే కోటా యమానో అనే జపాన్ బ్లాగరు అదే ఫొటోను 1935లో అచ్చయిన పుస్తకంలో చూపించాడు. అమీలియా న్యూగినీలోని లే అనే ఊరి నుంచి పసిఫిక్ మధ్యలోని హౌలాండ్ దీవికి బయల్దేరింది 1937 జూలై 2న. రెండేళ్ళ ముందే అచ్చయిన బొమ్మలో ఆమె ఎలా ఉంటుంది?

మీ నాన్నగారిని తప్పు పట్టను. పర్లాకిమిడిలో నా స్టూడియోకి 1978లో ఒక ముసలమ్మ వచ్చింది. వాళ్ళ తమ్ముడు 1937లో గోపాలపూర్‌లో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళాడు, మళ్ళీ కబురు లేదు. ఊరివాళ్ళెవరో ఇచ్చిన ఫొటో కొంగు ముడిలోంచి తీసింది. రేవులో కూలీలు. ఒకడు అటు తిరిగి కూర్చున్నాడు. "వీడి మొహం పెద్దది చేసి చూపించు బాబూ" అంది. ఎన్‌లార్జర్ కింద పెట్టి ఎంత పెంచినా చెవి దగ్గర నల్ల చుక్కలే పెద్దవయ్యాయి తప్ప మొహం ఎక్కణ్ణుంచి వస్తుంది? వెనక్కి తిప్పితే సిరాతో 1934 అని ఉంది. చదివి చెప్పాను. "ఆ మెడ మావోడిదే, నాకు తెల్దా" అని డబ్బులిచ్చి పట్టుకెళ్ళింది. ఆ రోజు నుంచీ ఏ పాత ఫొటో చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను.

ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. 1937 అక్టోబరులో ఎరిక్ బెవింగ్టన్ అనే బ్రిటిష్ అధికారి పసిఫిక్‌లోనే ఉన్న నికుమారోరో దీవి దగ్గర తీసిన ఫొటోలో, నీళ్ళలోంచి ఆవగింజంత నల్లటిదేదో పైకి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. అమీలియా విమానం చక్రం కాలు అంటారు కొందరు. తేదీ సరిపోతుంది కాబట్టి దీన్ని కొట్టిపారెయ్యను. కానీ ఆ దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ మీదే 1929లో ఎక్కి ఆగిపోయిన నార్విచ్ సిటీ ఓడ శిథిలాలున్నాయి, అదీ ఆ ఫొటోలోనే ఉంది. దాని ముక్క కాదని ఎలా అంటాం? ఇక 2024 జనవరిలో సముద్రం అడుగున విమానం ఆకారమని చూపించిన సోనార్ (శబ్ద తరంగాలతో తీసిన) బొమ్మ, అదే ఏడాది నవంబరుకల్లా రాయి అని తేలిపోయింది.

నన్నడిగితే, ఆమె హౌలాండ్ దగ్గరే విమానంలో ఇంధనం అయిపోయి సముద్రంలో పడింది. అక్కడ కాపు కాస్తున్న ఇటాస్కా ఓడకి ఆమె గొంతు రేడియోలో చాలా గట్టిగా వినిపించింది. అంటే దగ్గరికే వచ్చింది. మేఘాల మధ్య, రెండున్నర కిలోమీటర్లు దాటని ఆ ఇసుక దీవి కంటబడలేదు.

అన్నట్టు, ఆ జూన్‌లోనే ఆమె కలకత్తా మీదుగా రంగంలో దిగింది. ముసలమ్మ తమ్ముడు వెళ్ళిన ఏడాదే.