మేత్రాణిగా (బిషప్‌గా) నియమితుడైన నా శిష్యుడికి

నాయనా,

నీ పేరు ప్రకటించారని తెలియగానే గుడికి వెళ్లి దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. సెమినరీలో నీకు పాఠాలు చెప్పిన చనువుతో ఈ ఉత్తరంలో ‘నువ్వు’ అనే రాస్తున్నాను.

నియామక పత్రం అందిన మూడు నెలల్లోపు అభిషేకం జరగాలి. పందిళ్లు, పత్రికలు, శాలువాల సంగతి కమిటీకి వదిలేసి నువ్వు కొన్నాళ్లు ధ్యానానికి వెళ్లు. ముందు వరుసలన్నీ వీఐపీలతో నిండిపోకముందే ఊళ్లలో ప్రార్థనలు నడిపే ఉపదేశులకు కొన్ని కుర్చీలు ఉంచమని మాత్రం చెప్పు.

మొదటి ఏడాది, మరీ తప్పనిసరైతే తప్ప, గురువుల (ఫాదర్ల) బదిలీల జోలికి పోకు. వారం తిరక్కముందే బిషప్ హౌస్‌కి జనం వచ్చి ఒకరి మీద ఒకరు చెబుతారు. విను, రాసుకో, అప్పుడే తేల్చకు. ఒక్కో గురువు దగ్గరకు నువ్వే వెళ్లి ఆయన పెట్టింది తిను. షుగర్ మాత్రలు మింగుతూ ఒంటరిగా ఉండే గురువు టెన్షన్ ఏమిటో నీ ఆఫీసులో కూర్చుంటే తెలియదు. అయితే పిల్లల మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే ఒక్క రోజు కూడా ఆగకు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఆరోపణ నీ క్లాస్‌మేట్ మీదే అయినా సరే.

ఐదేళ్లలో మేత్రాసనమంతా, అంటే నీ కింద ఉన్న ప్రాంతమంతా, చూసి రావాలని తిరుసభ (కతోలిక సంఘం) చట్టం చెబుతోంది. మన దగ్గర పర్యటన అంటే డప్పులు, దండలు, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), భోజనం, మళ్లీ కారు. అది చాలదు నాయనా. ముందు రోజు సాయంత్రమే విచారణకు (పారిష్‌కు) చేరుకో. జ్ఞానస్నాన, వివాహ రిజిస్టర్లు తెరిపించి చూడు. తర్వాత ఉపదేశిని పక్కన కూర్చోబెట్టుకుని, జీతం చివరిసారి ఎప్పుడు అందిందో అడుగు. గురువు నెలకోసారి వచ్చే ఊళ్లో ఆదివారం ప్రార్థన నడిపేదీ, మంచాన పడ్డవాళ్ల దగ్గర జపం చెప్పేదీ, చనిపోయినవాళ్లను సాగనంపేదీ ఆయనే. ఆయన ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఆ తప్పు మేత్రాసనానిదే.

కులం విషయంలో మొహమాటపడకు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. బయట ఆ అన్యాయం మోస్తున్నవాళ్లకు గుడిలో, సమాధుల తోటలో కూడా తేడా చూపిస్తే ఇక ఎక్కడికి పోతారు? అలాంటిది కనబడిన చోట బలిపీఠం ముందు నిలబడి పేరు పెట్టి చెప్పు. కార్డినల్ పూల ఆంథోనీ గారిని చూడు. కర్నూలు జిల్లాలో పేద ఇంట పుట్టారు. చదువు ఆగిపోయే స్థితిలో మిషనరీలు చేరదీశారు. 1992లో గురువయ్యారు, 2008లో కర్నూలు మేత్రాణి, 2020లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతిగా (ఆర్చ్‌బిషప్‌గా) నియమితులయ్యారు, 2022లో కార్డినల్. తెలుగువాళ్లలోనూ, దళితుల్లోనూ ఆ పదవికి ఆయనే మొదటివారు. అలాంటి పిల్లలు ఈరోజు కూడా మన హాస్టళ్లలో ఉన్నారు. ఖర్చు ఎక్కువవుతోందని ఎవరైనా హాస్టల్ మూసేద్దామంటే ఒప్పుకోకు.

డబ్బు సంగతి. ఆర్థిక మండలి ముందు పెట్టకుండా భూమి అమ్మకాలకూ, లీజులకూ సంతకం చేయకు. చదవని కాగితం మీద అసలే వద్దు. బంధువులు బిషప్ హౌస్‌కి భోజనానికి రావచ్చు, లెక్కల గదిలోకి మాత్రం రాకూడదు. మీ అన్నయ్య నొచ్చుకుంటాడు. అయినా ఈ మాట అభిషేకానికి ముందే ఆయనకు చెప్పెయ్.

ప్రభువులో,
నీ పాత గురువు