టెకీలాతో ఓల్డ్ ఫ్యాషన్డ్: ఘాటు తగ్గాలంటే

ఓల్డ్ ఫ్యాషన్డ్ అంటే విస్కీలో చక్కెర బిళ్ళ, బిట్టర్స్ అనే చేదు మూలికల చుక్కలు కలిపే కాక్‌టెయిల్. అందులో విస్కీ బదులు అంతే కొలత బ్లాంకో టెకీలా (అగావే అనే మొక్క నుంచి తీసే మెక్సికో మద్యంలో తెల్ల రకం) పోస్తే మొదటి గుక్క పచ్చి ఘాటుగా, చివరిది వెగటు తీపిగా ఉందని రాశారు. ఘాటు విషయంలో లోపం మీ చేతిది కాదు, సీసాది. బ్లాంకో దాదాపు పీపా ముఖం చూడని సరుకు. విస్కీకి ఆ గుండ్రని రుచి తెచ్చేది ఓక్ పీపాయే కదా! కనీసం 2 నెలలు ఓక్‌లో ఉంచిన రెపొసాడో రకం టెకీలా తీసుకోండి.

2007 ప్రాంతంలో న్యూయార్క్‌లోని డెత్ అండ్ కో బార్‌లో బార్టెండర్ ఫిల్ వార్డ్ రూపొందించిన ఒహాకా ఓల్డ్ ఫ్యాషన్డ్ పద్ధతి నాకు ఇష్టం: రెపొసాడో 45 మి.లీ., మెస్కాల్ (అగావే నుంచే తీసే, పొగ వాసన ఉన్న మద్యం) 15 మి.లీ., అగావే సిరప్ ఒక చెంచా, అంగోస్తురా బిట్టర్స్ రెండు చిలకరింపులు. ఆ కాస్త మెస్కాల్‌ను మాత్రం వదలకండి, దాని పొగ వాసనే పానీయానికి బరువు.

ఇక తీపి సంగతి. చక్కెర బిళ్ళ చల్లని మద్యంలో సగమే కరిగి అడుగున కూర్చుంటుంది, దాన్ని మానేయండి. అగావే సిరప్ చక్కెర కన్నా తియ్యన, అందుకే ఆ చెంచా అంతా ఒకేసారి పోయకుండా అర చెంచాతో మొదలుపెట్టి రుచి చూడండి. పెద్ద మంచు ముక్కతో అర నిమిషం నెమ్మదిగా తిప్పండి. చివర్లో నారింజ తొక్కను గ్లాసు మీద వంచి నొక్కితే సన్నని నూనె తుంపర పైన మెరుస్తూ తేలుతుంది. చెర్రీ అంటారా, నేనైతే వేయను.