స్వల్పం అంటే ఎన్ని ఎకరాలండి?

చిరంజీవి బుజ్జమ్మకు,
పాలకొల్లు నుంచి మావయ్య ఆశీస్సులు.

రొయ్యల ఎగుమతి కంపెనీలో కమ్యూనికేషన్స్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. అలాంటి కుర్చీలోనే ముప్పై ఏళ్లు కూర్చుని లేచినవాణ్ని. నువ్వు అడగలేదనుకో, అయినా రాస్తున్నాను.

నేను రొయ్యల మేత కంపెనీలో ఉండగా ఓసారి ఒక బ్యాచ్ తేడా చేసింది. రొయ్యలు తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే చెక్‌ట్రేల్లో మేత మిగిలిపోతోందని రైతులు వారం నుంచీ మొత్తుకుంటున్నారు. మేనేజరుగారు పిలిచి ప్రకటన రాయమన్నారు. ‘కొన్ని చెరువుల్లో స్వల్ప ఇబ్బందులు తలెత్తినట్లు మా దృష్టికి వచ్చింది’ అని రాశాను. ఆఫీసులో అందరూ బాగుందన్నారు. మర్నాడు పొద్దున్నే ఓ రైతు ఆ పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. కేకలేమీ వెయ్యలేదు. బల్ల మీద పరిచి, ఆ మాట మీద వేలు పెట్టి, ‘స్వల్పం అంటే ఎన్ని ఎకరాలండి?’ అన్నాడు. నాకు తెలీదు. రాసేముందు ఎవర్నీ అడగలేదు. ఆయనకున్నదే రెండెకరాల చెరువు, అదీ కౌలుది.

నా వాక్యంలో అబద్ధం లేదు, లాయరు చదివినా తప్పు పట్టలేడు. కానీ ఇంట్లో ఉన్న బస్తాలు వాడాలో ఆపాలో ఆ రైతుకి అందులో దొరకలేదు. బ్యాచ్ నంబరు కూడా లేదమ్మా!

అందుకని, గొడవ వచ్చిన రోజు ముందు బ్యాచ్ నంబరు రాయి, ఏ తేదీ నుంచి అమ్మారో రాయి, చేతిలో ఉన్న సరుకుని ఏం చెయ్యాలో రాయి. క్షమాపణ ఆ తర్వాత. ల్యాబ్ రిపోర్టు రాకుండా కారణం మాత్రం రాయకు. ‘ఇంకా తెలియలేదు, గురువారం సాయంత్రం మళ్లీ చెబుతాం’ అను. గురువారానికీ తెలియకపోతే ఆ మాటే చెప్పు, కానీ చెప్పు.

మీ దగ్గర అసలు చిక్కు యాంటీబయాటిక్స్‌తో వస్తుంది. రొయ్యల పట్టుబడికి ముందు ఎలీసా అనే ల్యాబ్ పరీక్షలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే నిషేధించిన మందుల అవశేషాలు చూస్తారు కదా. ‘పరీక్షించిన లాట్లలో దొరకలేదు’ అనడం ఒకటి, ‘మా రొయ్యల్లో ఉండవు’ అనడం ఇంకొకటి. మార్కెటింగ్ వాళ్లు రెండోదే అడుగుతారు, బ్రోషరులో అందంగా ఉంటుందని. బయట దేశం నుంచి ఒక్క కంటైనరు వెనక్కి వస్తే, ఆ అందానికి రైతు కౌంటు రేటులో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో చూసి ఇచ్చే ధరలో, కోత పడుతుంది.

స్వల్పం అంటే గుర్తొచ్చింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజుగారు తమ బోర్డుకు రాసిన లేఖ సంపాదించి చదువు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఉంది అందులో. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట స్వల్పంగా ఉన్న తేడాయే ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిందనీ ఆయనే రాశారు. ఆ ఏళ్లన్నీ మూణ్ణెల్లకోసారి ఫలితాల ప్రకటన ఎవరో ఒకరు టైపు చేస్తూనే ఉండుంటారు. వాళ్లకి తెలిసి ఉంటుందని అనను. అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో అడిగారా అన్నదే నా సందేహం.

నువ్వు అడుగు. పై అధికారి అంకె నోటితో చెబితే, ‘సార్, ఇది ఎవరు సరిచూశారు?’ అని మెయిలు పెట్టు. మర్యాదగానే పెట్టు. సగం అంకెలు ఆ మెయిలుతోనే మారిపోతాయి, నా అనుభవం. ఇక మీది స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టెడ్ కంపెనీ అయితే, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన గడువులు ఉండనే ఉన్నాయి. కంపెనీ లోపల జరిగిన ముఖ్యమైన సంగతి మామూలుగా 12 గంటల్లో, బయటినుంచి వచ్చింది 24 గంటల్లో ఎక్స్ఛేంజీలకు చెప్పాలి. అవి మీ కంపెనీ సెక్రటరీ విభాగం వాళ్లకి కంఠతా ఉంటాయి. వాటాదారుకి ఇంగ్లీషులో చెప్పినది రైతుకి తెలుగులో తగ్గించి చెప్పకుండా చూడడమే నీ పని, దానికి గడువు పెట్టినవాళ్లు లేరు.

నీ మొదటి ప్రకటన తెలుగు ప్రతి బయటకి వెళ్లేముందు నాకు పంపమని అనను, అది తప్పు. వచ్చాక పేపర్లో చూసి, చెరువు గట్టు మీద మనవాళ్లకి చదివి వినిపిస్తాను. ఎవరైనా ‘ఎన్నండి?’ అని అడిగితే నీకు వెంటనే ఫోన్ చేస్తాను.

మీ మావయ్య