పియానో మీద కట్టింది కృతా, బాణీనా?

సందేహం: తిరుపతిలో మేం ఐదారుగురం ఆదివారాలు ఒకరింట్లో చేరి పియానో, కీబోర్డు వాయించుకుంటాం. ఎవరి ఉద్యోగాలు వాళ్లవి, ఇది సరదాకి. పోయిన వారం నేను సొంతంగా చేసిన నాలుగు నిమిషాల ముక్క వినిపిస్తూ 'నేను స్వరపరిచిన పియానో కృతి' అన్నాను. వీణ నేర్చుకున్న మిత్రుడు 'సాహిత్యమే లేదు, దేన్ని స్వరపరిచావు? కృతి అంటే పల్లవి ఏదీ?' అని పట్టుకున్నాడు. ఇంకొకాయన పియానో 'మీటాను' అనాలన్నాడు. ముక్క ఎలా ఉందో ఒక్కరూ చెప్పలేదు. ఎవరిది రైటు?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: 'స్వరపరచు' విషయంలో మీ వీణ మిత్రుడిదే రైటు. ఉన్న పాటకు స్వరాలు సమకూర్చడాన్ని స్వరపరచడం అంటాం. దీనికి మీ ఊరిని మించిన ఉదాహరణ లేదు. అన్నమయ్య (1408–1503) రాగిరేకుల మీద పాట ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరాలు మాత్రం లేవు. అందుకే ఇవాళ మనం వింటున్న వరసల్లో చాలావాటిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటివాళ్లు గత శతాబ్దంలో కట్టాల్సి వచ్చింది. 'రచన అన్నమయ్య, స్వరపరిచింది నేదునూరి' అంటే ఎవరి పని ఏదో తెలిసిపోతుంది. ముత్తుస్వామి దీక్షితులది దీనికి తిరగేసిన కథ: ఇంగ్లీషు బ్యాండువాళ్ల వరసలు ముందే ఉన్నాయి, ఆయన వాటికి సంస్కృతంలో మాటలు పెట్టాడు, అవే నోటుస్వరాలు. అది సాహిత్యం కూర్చడం. మీ ముక్కకేమో మాటలు ముందూ లేవు, తర్వాతా లేవు.

మరి ఏమనాలి? 'కట్టాను' అనండి. ఇల్లు కట్టినట్టు, పూలు కట్టినట్టు బాణీ కడతాం, వరస కడతాం, తెలుగులో ఇంతకంటే పనికొచ్చే క్రియ నాకు కనబడలేదు. కాకపోతే బాణీ అంటే పాడుకోగలిగే వరస ఒక్కటే గుర్తొస్తుంది. ఎడమచేత్తో కార్డ్స్ (కలిపి ఒకేసారి పలికించే స్వరాలు), మధ్యలో మలుపులు అన్నీ మీరే ఆలోచించి పెట్టి ఉంటే 'పియానో రచన' అనడం మేలు. 'స్వరకల్పన' జోలికి మాత్రం పోవద్దు, సినిమావాళ్లకు చెల్లుతుంది గానీ కచేరీలు వినేవాళ్లకు కల్పనస్వరం అంటే అప్పటికప్పుడు అల్లి పాడేది, మీ వీణాయన మళ్లీ లేస్తాడు.

'కృతి' దగ్గర ఆయనకు పూర్తి మార్కులు వేయను. కృతి అంటే చేయబడినది, అంతే. పాత కవులు పుస్తకాన్నే కృతి అన్నారు, దాన్ని అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త. మాటగా మీది తప్పు కాదు. కానీ సంగీతంలో ఆ పేరు పల్లవి, అనుపల్లవి, చరణం ఉన్నదానికి స్థిరపడిపోయింది, సంగీత కళాశాల ఉన్న ఊళ్లో కూర్చుని పియానో కృతి అంటే వినేవాళ్లు సాహిత్యం కోసం చూస్తూ ఉంటారు.

ఇక మీటడం. తీగను వేలితో లాగి వదిలితే మీటడం, వీణకూ తంబురకూ సరిపోతుంది. పియానోలోనూ తీగలున్నాయి, నిజమే, కానీ మనం నొక్కితే లోపల చిన్న సుత్తి వెళ్లి తీగను కొడుతుంది. దానికంటే ముందున్న హార్ప్సికార్డులో తీగను మీటే ఏర్పాటు ఉండేది, ఆయన మాట దానికి చెల్లుతుంది. అలాగని పియానో 'కొట్టాను' అనక్కర్లేదు. చిత్తూరు పక్క 'ఏం వాయిస్తా ఉండావు' అనే అడుగుతారు, అదే మంచి మాట. 'వాళ్లని వాయించాను' అంటే చీవాట్లు పెట్టానని, అది వేరే సంగతి, గంటసేపు ముక్కను వదిలేసి మాటను పట్టుకున్నవాళ్ల మీద మీరు వాడుకోవచ్చు.

'కీస్'కి తెలుగు మీరు అడగలేదు గానీ హార్మోనియంవాళ్ల మాట 'మెట్లు' ఉండనే ఉంది. పియానోకు 88, తెల్లవి 52, నల్లవి 36. అలిపిరి మెట్లెక్కే ఊరివాళ్లకు ఆ మాట కొత్తగా నేర్పాలా! రాగమేదో మీరు రాయలేదు. శంకరాభరణమే అయ్యుంటుందని నా అనుమానం, 'సి' అనే తెల్ల మెట్టు దగ్గర మొదలుపెట్టి తెల్ల మెట్లు దాటకుండా తిరిగేవాళ్లు చేరేది అక్కడికే.