వ్యాసంలో నీ మాట ఎక్కడ?

చెల్లీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బడులు పొద్దున ఇంకాస్త ఆలస్యంగా మొదలవ్వాలన్న నీ వాదన నాకు నచ్చింది. ఆధారాల కోసం పడ్డ శ్రమా కనిపిస్తోంది. కానీ చదువుతుంటే ముగ్గురు వంతులవారీగా మైకు ముందుకొచ్చి మాట్లాడి దిగిపోయినట్టుంది. మొదటి పేరాలో డాక్టర్లు, రెండో పేరాలో పరిశోధకులు, మూడో పేరాలో తల్లిదండ్రులు. ఒకరి మాట ఇంకొకరు విననే లేదు. నీ గొంతు వినిపించింది చివరి నాలుగు లైన్లలోనే.

నీ దగ్గరున్నవే మళ్లీ చూద్దాం. టీనేజీలో నిద్ర వచ్చే వేళే ఆలస్యమవుతుందని, అందుకే బడి 8:30 కన్నా ముందు పెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లో చెప్పింది. అక్కడి సియాటిల్ నగరంలో 2016లో హైస్కూళ్ల వేళను 7:50 నుంచి 8:45కి మార్చారు. అక్కడ పిల్లల నిద్ర రోజుకు 34 నిమిషాలు పెరిగిందని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. 'బడి ఆలస్యమైతే పిల్లలు అంత ఆలస్యంగానే పడుకుంటారు, ఒరిగేదేమీ లేదు' అన్నది కొందరు తల్లిదండ్రుల అభ్యంతరం. దీన్ని మూడో పేరాలో ఒంటరిగా వదిలేశావు. తీసుకెళ్లి సియాటిల్ లెక్క పక్కన పెట్టు. బడి వేళ ఆలస్యమైంది 55 నిమిషాలు, నిద్ర పెరిగింది 34. అభ్యంతరం పూర్తిగా నిలవలేదు, పూర్తిగా వీగిపోనూ లేదు. పైగా ఆ కొలత రెండు బడుల్లోది. ఆ మాట దాచకు. నువ్వే చెబితే నీ మీద నమ్మకం పెరుగుతుంది.

బడి వేళ మారితే బస్సుల వేళలూ మార్చాల్సి రావడమన్న సమస్య వేరు. దానికి నిద్ర లెక్క జవాబు కాదు, ఒప్పేసుకో. కాలిఫోర్నియా రాష్ట్రం బడులు ఆలస్యంగా మొదలవ్వాలని 2019లో చట్టం చేసి, అమలుకు 2022 జులై దాకా గడువిచ్చింది. ఇప్పుడు నీ వాదన 'బడి ఆలస్యంగా పెట్టాలి' దగ్గరే ఆగిపోదు. 'పెట్టాలి, అయితే బస్సులూ ఇళ్లూ సర్దుకునేందుకు ముందే గడువివ్వాలి' అవుతుంది. ఈ మాట నీ ఆధారాల్లో ఏ ఒక్కదాంట్లోనూ లేదు. అన్నిటినీ ఒకచోట చేర్చినందుకు నీకు దొరికింది. ఇలాంటి వ్యాసం రాయడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ ఇదే.

నేను చేసే పని చెబుతాను. ఒక కాగితం మీద గళ్లు గీస్తాను. పైన ఆధారాల పేర్లు, పక్కన ప్రశ్నలు: నిద్ర పెరుగుతుందా, ఖర్చెవరిది, ఎవరికి ఇబ్బంది. ఒకే వరుసలో రెండు గళ్లు కొట్టుకుంటే అక్కడ ఒక పేరా పుడుతుంది. ఖాళీ గడి కనిపిస్తే ఇంకా చదవాలి. పేరాలు ఆ ప్రశ్నల వరుసలో రాయి, ఆధారాల వరుసలో వద్దు.

పేరా మొదటి వాక్యం నీదై ఉండాలి. నువ్వు 'సియాటిల్ అధ్యయనం ప్రకారం నిద్ర 34 నిమిషాలు పెరిగింది' అని ఎత్తుకున్నావు. 'బడి వేళ మారితే మిగిలిన సమయంలో ఎక్కువ భాగం నిద్రకే వెళ్లొచ్చు' అని ఎత్తుకుని, ఆ వెంటనే సియాటిల్‌ను సాక్ష్యానికి పిలువు. ఎవరి మాట ఎక్కడ తీసుకున్నావో ప్రతిచోటా చెప్పు, సొంత మాటల్లో తిరగరాసినా సరే. ఉటంకింపులు మాత్రం సగానికి తగ్గించు.

మూడో పేరాతో మొదలుపెట్టు. అది కుదిరితే మిగతావి వాటంతటవే కదులుతాయి. తిరగరాసింది పంపు, ఎదురుచూస్తుంటాను.

నీ అక్క